పాలనాధికారి దౌర్జన్యం – షరీఅత్‌లో నేరబాధ్యత

ప్రజల ప్రాణానికి, ధనానికి, మానానికి రక్షణ కల్పించడం కోసం ప్రతి ప్రభుత్వమూ కొందరి చేతికి ఆయుధం ఇస్తుంది. పట్టుకొనే అధికారం, నిర్బంధించే అధికారం, ప్రశ్నించే అధికారం వారికి అప్పగిస్తుంది. పొరుగువాడు కొడితే బాధితుడు ఠాణాకు పోయి ఫిర్యాదు చేసుకుంటాడు. ఆ ఠాణాలోనే దెబ్బలు తిన్నవాడు ఎక్కడికి పోవాలి? కంచే చేను మేసినప్పుడు చేనుకు దిక్కెవరు?

ఇది నేడు పుట్టిన ప్రశ్న కాదు. ఇస్లామీయ రాజ్యం విస్తరించి, దూరప్రాంతాలలో గవర్నర్లు, పన్ను వసూలుదారులు, భటులు నియమితులైన తొలినాళ్ళలోనే ఇది తలెత్తింది. దానికి సహాబాలు ఆచరణలోనే సమాధానమిచ్చారు. తరువాత వచ్చిన ఫుఖహాలు ఆ ఆచరణను సూత్రబద్ధం చేశారు. ఆ చర్చలో నాలుగు ప్రశ్నలు ప్రధానమైనవి. అధికారి అక్రమంగా కొట్టిన దెబ్బ నేరమవుతుందా? హింసించి రాబట్టిన ఒప్పుకోలుకు విలువ ఉన్నదా? పైవాడి ఆజ్ఞ కిందివాడికి రక్షణ అవుతుందా? అన్నిటికంటే ముఖ్యంగా, దోషి అయిన అధికారిని క్షమించే హక్కు ఎవరిది?

పదవి కవచం కాదు

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఒక ప్రసంగంలో తన అధికారుల విధి ఏమిటో ప్రజల ముందు స్పష్టం చేశారు. వారు ధర్మాన్నీ ప్రవక్త సంప్రదాయాన్నీ బోధించడానికి నియమితులైనవారే గాని, ప్రజల ఒళ్ళు వాయగొట్టడానికీ, వారి సొమ్ము లాక్కోవడానికీ కాదన్నారు. ఎవరికైనా అటువంటి అన్యాయం జరిగితే తన వద్దకు రావచ్చుననీ, ఆ అధికారి నుంచి కిసాస్, అనగా సమాన ప్రతీకారం, ఇప్పిస్తాననీ ప్రమాణపూర్వకంగా ప్రకటించారు.

అప్పుడు ఈజిప్టు విజేత హజ్రత్ అమ్ర్ ఇబ్నుల్ ఆస్ (రజి) లేచి ఒక సందేహం వెలిబుచ్చారు. అధికారి తన పాలనలోని వ్యక్తిని క్రమశిక్షణ కోసం దండించినా కిసాస్ తీసుకుంటారా అని అడిగారు. పరిపాలకులందరి మనసులోనూ ఉండే సందేహమే అది. అధికారులను ఇలా నిలదీస్తే పాలన సాగేదెట్లా అన్నదే అందులోని భావం. హజ్రత్ ఉమర్ (రజి) తడుముకోలేదు. తప్పక తీసుకుంటానన్నారు. దైవప్రవక్త (స) స్వయంగా తన నుంచే కిసాస్‌కు అవకాశమిచ్చారని గుర్తుచేశారు. సునన్ అబూ దావూద్‌లో నమోదైన ఈ సంఘటన ఈ విషయంలో మూలస్తంభం వంటిది. ప్రవక్తకే లేని మినహాయింపు ఒక గవర్నరుకు, ఒక కొత్వాలుకు ఎక్కడిది?

హనఫీ ధర్మశాస్త్రం ఇదే భావాన్ని ఒక నియమంగా మలచింది. తనపై మరో పాలకుడు లేని సర్వాధికారి విషయం హిదాయా గ్రంథంలో చర్చకు వచ్చింది. దైవహక్కులకు సంబంధించిన హద్దు శిక్షలను అతనిపై అమలు జరిపేవారు ఎవరూ ఉండరు గనుక ఆ శిక్షలు అతనికి వర్తించవని హనఫీ ఫుఖహాల అభిప్రాయం. కాని ప్రాణానికి, ధనానికి సంబంధించిన మానవహక్కుల మాట వేరు. అక్కడ దేశాధినేత కూడ సామాన్యునివలె జవాబుదారీయే. కిసాస్ అతనిపై వర్తిస్తుంది. ధననష్టానికి అతడు పరిహారం చెల్లించవలసిందే. దేశాధినేతకే ఈ నియమం వర్తించినప్పుడు అతని కింద పనిచేసే ఉద్యోగి దీనినుంచి తప్పించుకోలేడన్నది స్పష్టం.

క్షమించే హక్కు బాధితునిదే

దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జహ్మ్ (రజి)ని జకాతు వసూలుకు పంపారు. ఒక వ్యక్తి ఆయనతో వాదానికి దిగాడు. ఆయన కొట్టగా అతని తల పగిలింది. ఆ తెగవారు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి కిసాస్ కోరారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసులో తరువాత జరిగినది శ్రద్ధగా గమనించదగినది.

దైవప్రవక్త (స) వారికి కొంత పరిహారం చెల్లిస్తామన్నారు. వారు ఒప్పుకోలేదు. పెంచారు. అప్పటికీ ఒప్పుకోలేదు. మరింత పెంచగా సమ్మతించారు. ఈ ఒప్పందాన్ని ప్రజల ఎదుట ప్రకటిస్తానని చెప్పి, ప్రసంగంలో ప్రస్తావించి, మీకు సమ్మతమేనా అని వారినే అడిగారు. వారు కాదన్నారు. ఈ మాటకు ముహాజిర్లు ఆగ్రహించి వారి మీదకు లేవబోగా దైవప్రవక్త (స) వారించారు. మళ్ళీ పిలిచి మరికొంత పెంచారు. వారు నిజంగా సమ్మతించిన పిమ్మటనే రెండోసారి ప్రకటన జరిగింది.

కొట్టినవాడు ప్రభుత్వ ఉద్యోగి, పైగా సహాబీ. కొట్టినది విధి నిర్వహణలో. దెబ్బలు తిన్నవారు తమ మాటను నిండు సభలో వెనక్కి తీసుకున్నారు. అయినా వారిని ఎవరూ బెదిరించడానికి వీలు లేకపోయింది. రాజ్యాధినేత అయిన దైవప్రవక్త (స) తమ అధికారి తప్పును తామే మాఫీ చేయలేదు. ఆ తాళంచెవి గాయపడినవాని చేతిలోనే ఉంచారు. కిసాస్ కోరడమా, దియత్ తీసుకోవడమా, క్షమించడమా అన్నది బాధితుని ఇష్టం. అతడు మరణిస్తే అది వారసుల ఇష్టం. ప్రాణహత్య, గాయాల విషయంలో షరీఅత్ నిర్ణయించిన ఈ సూత్రం అధికారి ఎదుట కూడ సడలలేదు.

హింసతో రాబట్టిన ఒప్పుకోలు

దర్యాప్తు పేరుతో జరిగే హింసను సమర్థించేవారు సాధారణంగా ఒక మాట అంటారు: నాలుగు తగిలించనిదే దొంగ నోరు విప్పడని. ఈ వాదం కూడ పాతదే.

హజ్రత్ నూమాన్ ఇబ్నె బషీర్ (రజి) అధికారిగా ఉన్న రోజులలో కలాఅ తెగకు చెందిన కొందరి సామాను పోయింది. వారు కొందరు నేతపనివారిని అనుమానించారు. ఆయన ఆ నేతపనివారిని కొన్ని దినాలు నిర్బంధంలో ఉంచి విడిచిపెట్టారు. కొట్టకుండా, పరీక్షించకుండా వదిలేశారేమని ఫిర్యాదుదారులు నిలదీశారు. ఆయన వారి ముందు ఒక షరతు పెట్టారు. మీరు కోరితే వారిని కొట్టిస్తాను. సొత్తు దొరికితే సరే, దొరకకపోతే వారి వీపుల మీద పడినన్ని దెబ్బలు మీ వీపుల మీద పడతాయన్నారు. ఇది మీ తీర్పా అని వారు అడుగగా, ఇది అల్లాహ్, ఆయన ప్రవక్త (స) తీర్పు అని సమాధానమిచ్చారు. ఈ మాటతో ఆయన వారిని హెచ్చరించారనీ, నేరం ఒప్పుకోలుతో తేలక ముందు దెబ్బ తగదన్నదే దీని సారమనీ ఇమామ్ అబూ దావూద్ (రహ్మ) వివరించారు.

ఆకలితో మాడ్చినా, భయపెట్టినా, బంధించినా మనిషి తనకు వ్యతిరేకంగా ఏ మాటైనా పలుకుతాడని హజ్రత్ ఉమర్ (రజి) అభిప్రాయం. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) ఖలీఫా హారూన్ రషీద్ కోసం రచించిన కితాబుల్ ఖరాజ్‌లో దీనిని ఉదహరించారు. కేవలం అనుమానం మీద, ఒకరు వేసిన నింద మీద మనుషులను కొట్టరాదని ఖలీఫాకే హితవు చెప్పారు. ఖైదీలకు తిండి, బట్ట ప్రభుత్వ ఖజానా నుంచే ఇవ్వాలనీ, సంకెళ్ళతో వారిని బిచ్చానికి పంపరాదనీ కూడ రాశారు.

హనఫీ ఫుఖహాలు మరొక అడుగు ముందుకు వేశారు. బలవంతపు ఒప్పుకోలు చెల్లదనడంతోనే వారు ఆగలేదు. ఖాజీ ఒక వ్యక్తిని కొట్టి, బెదిరించి హత్యానేరం ఒప్పించి, ఆ ఒప్పుకోలు ఆధారంగానే మరణదండన అమలు జరిపితే ఏమి చేయాలి? చనిపోయిన వ్యక్తి అటువంటి నేరాలకు పేరుపడినవాడు కానిచో ఆ ఖాజీపైనే కిసాస్ వర్తిస్తుందన్నారు. పేరుపడినవాడైతే సందేహం వల్ల కిసాస్ తొలగినా, ఖాజీ తన సొంత సొమ్ము నుంచి పరిహారం చెల్లించాలన్నారు. న్యాయపీఠం మీద కూర్చున్నవాడే చట్టాన్ని హత్యాసాధనంగా వాడితే ఆ పీఠం అతనిని కాపాడదన్న మాట.

ఈ రక్షణ ముస్లింలకు మాత్రమే పరిమితం కాదు. సిరియాలో కొందరు ముస్లిమేతర రైతులను పన్ను బకాయి కోసం ఎండలో నిలబెట్టి, తలలపై నూనె పోసిన దృశ్యం హజ్రత్ హిషామ్ ఇబ్నె హకీమ్ (రజి) కంటబడింది. లోకంలో మనుషులను హింసించేవారిని అల్లాహ్ శిక్షిస్తాడన్న దైవప్రవక్త (స) హెచ్చరికను ఆయన అక్కడే గుర్తుచేశారు. ఆ ప్రాంతపు అధికారి హజ్రత్ ఉమైర్ ఇబ్నె సఅద్ (రజి) వద్దకు నేరుగా వెళ్ళి ఈ మాట వినిపించారు. ఆయన వెంటనే రైతులను విడిపించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

పైవాడి ఆజ్ఞ

తప్పు బయటపడినప్పుడు కిందివాడు పైవాని ఆజ్ఞను చూపిస్తాడు. పైవాడు తాను అలా చెప్పలేదంటాడు. బాధ్యత ఇద్దరి నడుమ మాయమవుతుంది.

ఉమర్ ఇబ్నె అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఖలీఫాగా ఉండగా (హిజ్రీ 99–101, క్రీ.శ. 717–720) బస్రా గవర్నరు అదీ ఇబ్నె అర్తాత్ ఆయనకు లేఖ రాశాడు. కొందరు ఉద్యోగులు ప్రభుత్వ ధనం అపహరించారనీ, హింసించనిదే అది రాబట్టడం సాధ్యం కాదనీ, అందుకు అనుమతి కావాలనీ అడిగాడు. ఖలీఫా ఈ అభ్యర్థనకే ఆశ్చర్యపోయారు. మనుషులను హింసించడానికి తన అనుమతి కోరడమేమిటనీ, దైవాగ్రహం నుంచి తాను అతనికి డాలు కాగలనా అనీ ప్రశ్నించారు. సాక్ష్యం ఉంటే సాక్ష్యంతో, ఒప్పుకుంటే ఒప్పుకోలుతో వసూలు చేయమన్నారు. ఏదీ లేకపోతే ప్రమాణం చేయించి వదిలివేయమన్నారు. వారి నెత్తురు తన మెడకు చుట్టుకొని తాను అల్లాహ్ ఎదుట నిలబడటం కంటే, వారు తమ ద్రోహంతోనే ఆయన ఎదుటికి పోవడం మేలన్నారు. హింసకు అనుమతి ఇచ్చే అధికారం ఖలీఫాకే లేదన్నది ఈ లేఖ సారాంశం.

ఆజ్ఞను అమలు జరిపినవాని సంగతి ఏమిటి? ఒక దళనాయకుడు కోపంలో తన సైనికులను నిప్పులో దూకమన్న సంఘటన ప్రసిద్ధం. వారు దూకలేదు. ధర్మసమ్మతమైన దానిలోనే విధేయత ఉందని దైవప్రవక్త (స) ఆ సందర్భంలో బోధించారు. దీని ఆధారంగా హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా వంటి ఫుఖహాలు తేడా చూపారు. చంపబోయేది నిరపరాధినని తెలిసి కూడ ఆజ్ఞ పాటించిన వానిపై కిసాస్ ఉంటుంది. ఆ సంగతి తెలియక, పాలకుని ఆజ్ఞ న్యాయమైనదేనని నమ్మినవానికి మినహాయింపు ఉంటుంది; అప్పుడు బాధ్యత ఆజ్ఞాపించిన వానిది.

ప్రాణభయం చూపి చేయించిన హత్య విషయంలో అభిప్రాయభేదం ఉంది. బలవంతపెట్టినవానిపైనే కిసాస్ అని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అన్నారు. చేసినవానిపైనే అని ఆయన శిష్యుడు ఇమామ్ జుఫర్ అన్నారు. ఇద్దరిపైనా అని ఇమామ్ మాలిక్, ఇమామ్ అహ్మద్ (రహ్మ) అభిప్రాయం. వాదాలు ఏవైనా, తన ప్రాణం కాపాడుకోవడానికి మరో నిరపరాధి ప్రాణం తీయడం ధర్మసమ్మతం కాదన్న విషయంలో అందరిదీ ఒకటే మాట. నేడు ఆజ్ఞ తిరస్కరించిన ఉద్యోగికి ఎదురయ్యేది సాధారణంగా బదిలీ లేదా సస్పెన్షన్. దానిని ప్రాణభయంతో పోల్చగలమా?

పొరపాటు, ఖజానా

ఉద్దేశపూర్వకం కాని హాని కూడ జరుగుతుంది. దానికీ షరీఅత్‌లో లెక్క ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక స్త్రీని విచారణకు పిలిపించగా ఆమె భయంతో దారిలోనే ప్రసవించింది. శిశువు మరణించింది. మీరు పాలకులు, మంచికోరి పిలిచారు, మీపై బాధ్యత లేదని కొందరు సహాబాలు అన్నారు. హజ్రత్ అలీ (రజి) మాత్రం ఆమెను భయపెట్టింది మీరే గనుక దియత్ మీదేనని చెప్పారు. ఖలీఫా ఆ మాటనే స్వీకరించి, తన వంశీయుల మీద దియత్ విధించారు. దెబ్బ లేదు, లాఠీ లేదు. కేవలం ఒక పిలుపు. అయినా దాని ఫలితానికి పిలిచినవాడు జవాబుదారీ అయ్యాడు.

శిక్ష అమలులో మరణం సంభవిస్తే ఎవరు చెల్లించాలన్న విషయంలో మజ్‌హబ్‌ల మధ్య భేదం ఉంది. పరిమితికి లోబడిన తాజీర్ శిక్షలో మరణం సంభవిస్తే పరిహారం లేదని హనఫీలు, ఉందని షాఫియీలు అన్నారు. ఇది చట్టబద్ధమైన శిక్షకు సంబంధించిన చర్చ మాత్రమే. హద్దు దాటిన దౌర్జన్యానికి దీనిని ఆసరా చేసుకోవడానికి వీల్లేదు. పొరపాటు భారాన్ని ఖజానా మోయవచ్చు. బుద్ధిపూర్వకమైన నేరం భారాన్ని మోయవలసింది నేరస్థుడే.

మజాలిమ్ న్యాయస్థానం

బలవంతుడైన అధికారిని సాధారణ ఖాజీ కోర్టుకు రప్పించడం కష్టమన్న అనుభవం నుంచి మజాలిమ్ న్యాయస్థానం రూపొందింది. దాని విధులను హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో మరణించిన ఇమామ్ మావర్దీ పది అంశాలుగా విభజించారు. వాటిలో మొట్టమొదటిది, ప్రజలపై అధికారుల అత్యాచారాలను విచారించడం. దీనికి ఫిర్యాదుదారుడు రావలసిన అవసరం కూడ లేదన్నారు. దెబ్బతిన్నవాడు భయపడి నోరు మెదపకపోవచ్చునని ఆ కాలంలోనే గ్రహించడం గమనార్హం.

అయితే చరిత్ర అంతా ఇదే విధంగా నడిచిందనుకోవడం సత్యం కాదు. ఖాజీకి లేని వెసులుబాటు అమీరుకు, షుర్తా అధికారికి కొంత ఉన్నదని ఇదే మావర్దీ రాశారు. బలమైన అనుమానం ఉన్నచోట నిజం చెప్పించడానికి కొట్టవచ్చునన్న అభిప్రాయం అలా గ్రంథాలకెక్కింది. ఖాజీ కోర్టు ఒక దారి, కొత్వాలు చావడి మరో దారి అయిన తరువాత పాలకులు ఆ సందును వెడల్పు చేసుకున్నారు. సహాబాల ఆచరణను, తరువాతి సుల్తానుల ఆచరణను ఒకే త్రాసులో తూచరాదు. ప్రమాణం మొదటిదే.

మన దేశంలో చట్టం

భారతదేశంలో క్రిమినల్ చట్టం అందరికీ ఒకటే. పోలీసు హింసను అది కూడ నేరంగానే చూస్తుంది. ఒప్పుకోలు రాబట్టడానికి గాయపరచడం 1860 నాటి శిక్షాస్మృతిలోని 330, 331 సెక్షన్ల కింద నేరం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 120వ సెక్షన్. శిక్ష ఏడేళ్ళు, తీవ్రగాయమైతే పదేళ్ళ వరకు. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలును నిందితునిపై రుజువు చేయడానికి వీల్లేదన్న నియమం కూడ ఉంది. అరెస్టు వేళ బంధువులకు తెలపాలనీ, సాక్షి సంతకంతో మెమో రాయాలనీ, 48 గంటలకు ఒకసారి వైద్య పరీక్ష జరపాలనీ డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఠాణాలలో సీసీ కెమెరాలు పెట్టాలని 2020లో ఆదేశించింది.

చట్టం ఉన్నా రుజువు దొరకదు. హైదరాబాదు ప్రజలకు ఇది అనుభవమే. 1978లో నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక ముస్లిం యువతిపై అత్యాచారం జరిగిందని, ఆమె భర్తను కొట్టి చంపారని ఆరోపణ రాగా నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులను దోషులుగా తేల్చింది. కాని కమిషన్ నివేదిక క్రిమినల్ కోర్టులో సాక్ష్యం కాదు. కేసు కర్ణాటకకు బదిలీ అయింది. నిందితులు 1981లో రాయచూరు సెషన్సు కోర్టులో నిర్దోషులుగా విడుదలయ్యారు. 1983లో అత్యాచార చట్టాన్ని సవరించి, కస్టడీలో జరిగే అత్యాచారానికి ప్రత్యేక శిక్ష విధించడానికి దారితీసిన ప్రజాందోళనలో ఈ కేసుకూ చోటుంది.

నాలుగు గోడల మధ్య జరిగిన దానికి సాక్షులు ఆ గోడల మధ్య పనిచేసేవారే. అందుకే కస్టడీలో ఉన్న వ్యక్తికి గాయమైతే అది పోలీసులే చేశారని కోర్టు భావించే వీలు కల్పించాలని లా కమిషన్ 1985లో తన 113వ నివేదికలో సిఫారసు చేసింది. 2023లో సాక్ష్య చట్టాన్ని తిరగరాసినప్పుడు కూడ ఆ సిఫారసుకు చోటు దక్కలేదు. హింసకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై భారతదేశం 1997లో సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు.

రెండవ చిక్కు అనుమతి. ప్రభుత్వ మంజూరు లేనిదే ఉద్యోగం నుంచి తొలగించరాని అధికారి మీద, విధి నిర్వహణలో చేసిన పనికి కేసు నడపాలంటే ప్రభుత్వం అనుమతించాలి. పాత నేర విచారణ స్మృతిలో ఇది 197వ సెక్షన్, కొత్తదానిలో 218వది. నిజాయితీగా పనిచేసేవారిని వేధింపు కేసుల నుంచి కాపాడటం దీని ఉద్దేశం. 120 రోజులలో నిర్ణయం రాకపోతే అనుమతి లభించినట్లే భావించాలన్న కొత్త నిబంధన మేలైనదే. అత్యాచారం వంటి కొన్ని నేరాలకు అనుమతి అక్కరలేదు. అయినా కొట్టిన దెబ్బ విధిలో భాగమా కాదా అన్న వాదనలోనే ఏళ్ళు గడిచిపోవచ్చు. అబూ జహ్మ్ (రజి) ఉదంతంలో తాళంచెవి గాయపడినవాని చేతిలో ఉండగా, ఇక్కడ అది అధికారిని నియమించిన ప్రభుత్వం చేతిలో ఉంది.

పరిహారం విషయంలోనూ ఇదే తేడా. 1993లో నీలావతి బెహరా కేసులో కస్టడీ మృతికి సుప్రీంకోర్టు లక్షన్నర రూపాయల పరిహారం ఇప్పించింది. అది ప్రభుత్వం చెల్లించవలసిన సొమ్ము. 2007 మే 18 నాటి మక్కా మస్జిద్ పేలుడు తరువాత పలువురు ముస్లిం యువకులు నిర్బంధానికి, హింసకు గురయ్యారు. నిర్దోషులని తేలిన పిమ్మట 2012లో రాష్ట్ర ప్రభుత్వం వారికి పరిహారం పంచింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఖజానా ఇచ్చినా, ఇవ్వకపోయినా, కొట్టిన చేతి బాధ్యత ఏమిటన్న ప్రశ్న మాత్రం అలాగే మిగులుతుంది. పరిహారం బాధితుని గాయానికి లేపనం కావచ్చు. నేరస్థుని బాధ్యతకు బదులు కాజాలదు.

విశ్వాసి కర్తవ్యం

కిసాస్ అమలు చేయడం వ్యక్తుల పని కాదు, న్యాయస్థానాల పని. కనుక దౌర్జన్యానికి దౌర్జన్యంతో బదులు చెప్పే అనుమతి ఈ బోధనలలో ఎవరికీ లేదు. ఉన్నది మరొక కర్తవ్యం. తనకు, తన తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా సరే న్యాయం కోసం సాక్ష్యం చెప్పాలని అన్నిసా సూరా 135వ ఆయతు ఆదేశిస్తుంది. ఒక జనం పట్ల ఉన్న ద్వేషం అన్యాయానికి పురికొల్పరాదని అల్ మాయిదా సూరా 8వ ఆయతు హెచ్చరిస్తుంది. యూనిఫారం ధరించిన ముస్లిముకూ, లాకప్ ముందు నుంచి నడిచిపోయే ముస్లిముకూ ఇవి సమానంగా వర్తిస్తాయి.

హజ్రత్ హిషామ్ (రజి) ఎండలో నిలబడిన రైతులకు బంధువు కాదు, వారి మతస్థుడు కాదు. దారిన పోతూ చూశారు. చూసి ఊరుకోలేదు; అధికారి గుమ్మం వద్దకు పోయి చెప్పారు. కస్టడీలో దెబ్బతిన్నవానికి ఆ మొదటి గంటలలో కావలసింది అదే: అతడెక్కడ ఉన్నాడని అడిగే ఒక మనిషి, గాయాన్ని ఉన్నదున్నట్లు రాసే ఒక వైద్యుడు, చూసినది కోర్టులో చెప్పే ఒక సాక్షి. చట్టంలోని సెక్షన్లకు ప్రాణం పోసేది వీరే. వీరు మౌనం వహించిన ఊరిలో ఎంత మంచి చట్టమైనా కాగితంగానే మిగిలిపోతుంది.